దగ్గర్లో దొరకని తిండి, దగ్గర్లో లేని ఆట

అమెరికాలో పుట్టి పెరిగిన చాలామందికి బ్లాక్‌కరంట్ రుచి తెలియదు. యూరప్‌లో జామ్‌లోనూ షర్బత్‌లోనూ ఐస్‌క్రీమ్‌లోనూ మామూలుగా కనిపించే ఈ చిన్న నల్ల పండు అమెరికాలో అపురూపం అయిపోవడానికి వాతావరణం కారణం కాదు. వైట్ పైన్ చెట్లను చంపే ఒక శిలీంధ్ర తెగులు ఉంది. దాని జీవితచక్రం పూర్తి కావాలంటే కొంతకాలం పైన్ చెట్టు మీద, కొంతకాలం బ్లాక్‌కరంట్ జాతి పొదల మీద బతకాలి. పొదలు లేకపోతే తెగులూ ఉండదని, కలప పరిశ్రమను కాపాడుకోవడానికి 1911లో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఆ సాగును నిషేధించింది. 1966లో నిషేధం ఎత్తేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేశారు. న్యూయార్క్ రాష్ట్రం 2003లో గానీ అనుమతి ఇవ్వలేదు. ఈలోగా తరాలు మారిపోయాయి. తెలియని రుచిని ఎవరూ అడగరు, అడగని సరుకును ఏ దుకాణదారూ తెప్పించడు. చట్టం పోయింది, కొరత మాత్రం మిగిలింది.

ఏదైనా తిండి గానీ వ్యాయామం గానీ దగ్గర్లో దొరకడం లేదంటే దాని వెనక ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది. ఆ కారణమేమిటో తెలిస్తే అది ఎప్పటికైనా వస్తుందా, నలుగురూ పూనుకుంటే రప్పించగలరా అన్నది అర్థమవుతుంది. అసలు దాని వల్ల మనకు కావాల్సింది ఏమిటన్నది రెండో ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే అది లేకుండా గడుస్తుందో లేదో తేలిపోతుంది. ఈ రెండు ప్రశ్నలూ వేసుకోకుండానే చాలామంది ఎక్కడినుంచో ఎక్కువ డబ్బు పోసి తెప్పించుకుంటారు, లేదా "ఇక్కడ కుదరదులే" అని మొదలుపెట్టిన ఆహార నియమాన్నే మానేస్తారు. రెండోది మరీ నష్టం.

తాజా పండ్ల సంగతి చూస్తే, దూరం ఒక్కటే అడ్డు కాదని తెలుస్తుంది. అరటి గెలను పచ్చిగా కోసి, 13, 14 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో సముద్రాలు దాటించి, చేరాల్సిన చోటికి చేరాక ఎథిలీన్ వాయువుతో మాగబెడతారు. అంతకన్నా చల్లగా ఉంచితే తొక్క నల్లబడి పాడవుతుంది. అవకాడోది ఇంకో పద్ధతి. చెట్టున ఉన్నంతకాలం ఆ కాయ మెత్తబడదు, కోశాకే మాగుతుంది. కాబట్టి దాన్ని రాయిలా ఉన్నప్పుడే కోసి, చల్లటి కంటైనర్లలో వారాల తరబడి ప్రయాణం చేయించవచ్చు. రాస్ప్‌బెర్రీకి ఈ సౌకర్యం లేదు. కోశాక అది తియ్యబడదు, పూర్తిగా పండాకే కోయాలి. పండిన రాస్ప్‌బెర్రీని సున్నా డిగ్రీల దగ్గర ఉంచినా కొద్ది రోజులకే నీరుకారి బూజు పడుతుంది. అందుకే అవకాడో ప్రపంచమంతా తిరుగుతోంది, రాస్ప్‌బెర్రీ మాత్రం పండే చోటికి దగ్గర్లోనో, విమానంలో తెప్పించుకునే స్తోమత ఉన్న చోటో ఆగిపోయింది. తాజా రాస్ప్‌బెర్రీ కోసం ఎదురుచూడటం వృథా. అదే పండు ఫ్రోజెన్ రూపంలో వస్తే పీచు, రంగునిచ్చే పదార్థాలు చాలావరకు అలాగే ఉంటాయి. పోయేది తాజా పండు నోట్లో ఇచ్చే ఆ పట్టు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. ఫ్రీజర్‌లోదీ డబ్బాలోదీ తక్కువ రకం అని చాలామంది అనుకుంటారు. ఆకుకూరలు కోసిన క్షణం నుంచే విటమిన్ సి కోల్పోతూ ఉంటాయి. కోసిన కొద్ది గంటల్లో వేడినీళ్లలో ముంచి గడ్డకట్టించిన బఠాణీలు, నాలుగైదు రోజులు లారీలోనూ అరల్లోనూ గడిపిన తాజా బఠాణీల కన్నా పోషకాల్లో తీసిపోవు. టమాటాను ఉడికించి డబ్బాలో పెడితే అందులో ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ అనే మేలైన పదార్థాన్ని శరీరం ఇంకా బాగా తీసుకుంటుంది. దూరప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

చాలా చోట్ల అసలు అడ్డంకి గిరాకీ. దుకాణదారు పెట్టె మొత్తం కొనాలి. ఒకరిద్దరు అడిగారని తెప్పిస్తే రెండు అమ్ముడుపోయి మిగతావి కుళ్లిపోతాయి, ఇంకెప్పుడూ ఆ జోలికి పోడు. తప్పు అతనిది కాదు. కావాల్సినవాళ్లు పది ఇళ్లవాళ్లు ముందే పేర్లు ఇచ్చి, ఫలానా రోజు తీసుకుంటామని చెబితే లెక్క మారిపోతుంది. నిల్వ ఉండే సరుకైతే ఇంకా సులువు, ఎందుకంటే దుకాణదారు భయమంతా పాడవడం గురించే.

పోషకం కోసమైతే కంగారు అక్కర్లేదు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు నారింజలు రావడం కష్టమైంది. పిల్లలకు విటమిన్ సి అందదేమోనని ప్రభుత్వం భయపడింది. కంచెల వెంట పెరిగే అడవి గులాబీల కాయలను జనం చేత ఏరించి సిరప్ తయారుచేయించింది. బ్లాక్‌కరంట్ సిరప్‌ను 1942 నుంచి చిన్నపిల్లలకు ఉచితంగా పంచింది. అమెరికా నిషేధించిన పండే బ్రిటన్‌లో పిల్లల్ని ఆదుకుంది. నారింజ లేకపోయినా నారింజ చేసే పని ఆగలేదు. ఆ పని చేయగలిగే పండ్లు చాలా ఉన్నాయి. 100 గ్రాముల నారింజలో దాదాపు 50 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే, కివీలో 90 దాకా, ఎర్ర క్యాప్సికమ్‌లో 120 పైన, జామలో 200 పైనే ఉంటుంది.

సూపర్‌ఫుడ్ అని పేరుబడ్డవాటిలో చాలావాటికి ఇదే లెక్క. ఆ పేరు మార్కెటింగ్ పెట్టింది, పోషకశాస్త్రంలో అలాంటి తరగతి లేదు. క్వినోవానే తీసుకుందాం. ఆండీస్ పర్వతాల్లో వేల ఏళ్లుగా పండే ఈ గింజకు ఐక్యరాజ్యసమితి 2013ను అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించాక ప్రపంచమంతా గిరాకీ పెరిగింది. అయితే 100 గ్రాముల ముడి క్వినోవాలో ఉండే ప్రొటీన్ దాదాపు 14 గ్రాములే, పప్పుధాన్యాల్లో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. క్వినోవా గొప్పదనం పరిమాణంలో కాదు, మామూలు ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లం ఇందులో తగినంత ఉండటంలో ఉంది. పప్పుధాన్యాల్లో లైసీన్ పుష్కలం, వాటిలో తక్కువయ్యే మెథియొనీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ధాన్యాల్లో ఉంది. రెండూ తినేవాళ్లకు క్వినోవా ఇచ్చేదంతా అందుతుంది. రెండూ ఒకే పూట తినాలన్న నియమం కూడా లేదు, రోజు మొత్తంలో అందితే చాలు. కేల్ కోసం వెతుక్కునేవాళ్లకు దొరికే ఏ ముదురు ఆకుపచ్చ కూరైనా దాదాపు అదే మేలు చేస్తుంది.

సాల్మన్ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. సాల్మన్ బదులు అవిసె గింజలో చియా గింజలో తింటే సరిపోతుందని తరచూ వినబడుతుంది. ఈ గింజల్లో ఒమేగా-3 ఉన్నమాట నిజమే. కానీ అది ఏఎల్ఏ అనే రూపంలో ఉంటుంది. గుండెకూ మెదడుకూ నేరుగా పనికొచ్చే ఈపీఏ, డీహెచ్ఏ అనే రూపాల్లోకి శరీరం దాన్ని మార్చుకునేది కొద్ది భాగమే. కాబట్టి గింజలు మంచివే గానీ సాల్మన్ చేసే పనంతా చేయలేవు. సార్డీన్, మ్యాకరెల్ లాంటి కొవ్వున్న చిన్న చేపలు చేస్తాయి, డబ్బాలో వచ్చినవైనా సరే. చేప తిననివాళ్లకు నాచు నుంచి తీసే నూనె ఉంది. అసలు సముద్రపు చేపల్లోకి ఒమేగా-3 చేరేది ఆహార గొలుసులో కింద ఉన్న ఆ సూక్ష్మ నాచుల నుంచే.

ప్రత్యామ్నాయం వెతకకూడని చోట్లు కూడా ఉన్నాయి, వాటిని గట్టిగా చెప్పాలి. విటమిన్ బి12 నమ్మదగిన మోతాదులో మామూలు మొక్కల ఆహారం దేనిలోనూ ఉండదు. పూర్తిగా శాకాహారమే తినేవాళ్లు బి12 కలిపిన ఆహారమో మాత్రలో తీసుకోవాల్సిందే. తల్లిపాలు అందని పసిబిడ్డకు ఫార్ములా దొరకలేదని ఇంట్లో ఏదో కలిపి పట్టడం ప్రమాదం. ఫినైల్‌కీటోన్యూరియా లాంటి పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చే ప్రత్యేక ప్రొటీన్ మిశ్రమానికి దగ్గర్లో దొరికే ఏ పొడీ సాటి రాదు. వీటి విషయంలో కష్టమైనా డాక్టరు ద్వారా తెప్పించుకోవడం ఒక్కటే దారి. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్ల పరిస్థితి కొంత వేరు. గ్లూటెన్ లేని బ్రెడ్డు, బిస్కెట్లు దొరక్కపోయినా బియ్యం, మొక్కజొన్న, చిరుధాన్యాలు స్వతహాగా గ్లూటెన్ లేనివే. వాళ్లు భయపడాల్సింది వాటిలో గోధుమ కలిసిపోవడం గురించి. గోధుమ ఆడిన మరలోనే ఆడించిన పిండి, గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్న అంతర్జాతీయ పరిమితిని తేలిగ్గా దాటేయొచ్చు.

రుచి కోసమైతే లెక్క వేరు

పోషకానికి దొరికినంత సులువుగా రుచికి బదులు దొరకదు. అయినా ఆ రుచి ఏ పదార్థం వల్ల వస్తుందో తెలిస్తే ఒక్కోసారి దారి ఉంటుంది. జపాన్ వంటల్లో ఘాటు కోసం తురిమి వాడే వసాబి మొక్క నీడలో, పారే చల్లటి నీళ్లలో పెరుగుతుంది, కోతకు రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. తురిమిన కాసేపటికే ఘాటు ఎగిరిపోతుంది. అందుకే ప్రపంచంలో వసాబి పేరుతో అమ్ముడయ్యేదాంట్లో ఎక్కువ భాగం హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు, ఆవపొడి, ఆకుపచ్చ రంగు కలిపినదే. ఇది నాలుకను పూర్తిగా మోసం చేయడం కాదు. ముక్కులోకి ఎక్కే ఆ ఘాటునిచ్చేది మూడింటిలోనూ ఒకే రకం రసాయనం. వసాబిలోని పచ్చి వాసన, వెనక వచ్చే తీపి రావుగానీ ఘాటు వస్తుంది. చైనా వంటల్లో వాడే సిచువాన్ మిరియాలకు ఈ అవకాశం లేదు. పెదవులు జివ్వుమనేలా చేసే శాన్షూల్ అనే పదార్థం మామూలు మిరియాల్లో ఉండదు. నిమ్మజాతి చెట్లకు తెగులు సోకుతుందని అమెరికా 1968 నుంచి 2005 దాకా ఈ మిరియాల దిగుమతిని ఆపేసింది. అన్నేళ్లూ వాటికి సరైన బదులు దొరకలేదు. అలాంటివి ఎండు రూపంలో తెప్పించుకుని గాలి తగలకుండా దాచుకోవడమే మంచిది. బరువు తక్కువ, నిల్వ ఎక్కువ కాబట్టి దూరం నుంచి తెప్పించినా గిట్టుబాటు అవుతుంది.

కొన్నిటిని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. ఉదాహరణకు సోయా గింజలను బూజుతో పులియబెట్టి అచ్చుగా చేసే టెంపే. తయారైనది దొరకడం కష్టం, ముడిసరుకు మాత్రం సోయా గింజలే. రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, ఉడికించాలి. తరవాత నీళ్లు పూర్తిగా వార్చి గింజలను బాగా ఆరబెట్టాలి. చాలామందికి చెడిపోయేది ఇక్కడే, తడి మిగిలితే మంచి బూజుకు బదులు చెడ్డ బ్యాక్టీరియా పెరుగుతుంది. చేయి పెట్టగలిగేంత చల్లారాక కొంచెం వెనిగర్, రైజోపస్ అనే బూజు స్టార్టర్ కలిపి, సన్నటి చిల్లులు పెట్టిన సంచిలో పలచగా పరిచి 30, 32 డిగ్రీల దగ్గర ఉంచాలి. సగం రోజు దాటాక గింజలు వాటంతటవే వేడెక్కడం మొదలవుతుంది, అప్పుడు బయటి వేడి తగ్గించాలి. ఒకటి రెండు రోజుల్లో తెల్లటి బూజు అల్లుకుని గింజలన్నీ ఒకే అచ్చుగా బిగుస్తాయి. అక్కడక్కడ బూడిదరంగు, నలుపు మచ్చలు వస్తే భయం లేదు, అది ఆ బూజు ముదిరిన గుర్తు. జిగురుగా ఉండి కుళ్లు వాసన వస్తే మాత్రం పారేయాలి. బయటినుంచి తెప్పించాల్సింది ఆ స్టార్టర్ ఒక్కటే, చిటికెడు పొడి.

ఇదే ధైర్యంతో కూరగాయలనో మాంసాన్నో ఇంట్లో డబ్బాల్లో నిల్వ చేయబోకూడదు. పులుపు లేని పదార్థాల్లో, బొటులిజం అనే ప్రాణాంతకమైన విషబాధ తెచ్చే బ్యాక్టీరియా బీజాలు మామూలు మరుగుకు చావవు. 116 డిగ్రీలు దాటించే ప్రెషర్ క్యానర్ కావాలి.

వ్యాయామం దగ్గర కొరత మరో రకం

ఆటల విషయంలో కొరతకు ముఖ్య కారణం స్థలం, నిర్వహణ ఖర్చు. ఒలింపిక్ కొలతల స్విమ్మింగ్ పూల్ 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉంటుంది. లోతు 2 మీటర్లే అనుకున్నా 25 లక్షల లీటర్ల నీళ్లు. వాటిని రోజంతా వడకట్టాలి, క్లోరిన్ చూసుకోవాలి, గట్టున లైఫ్‌గార్డు ఉండాలి. ఈతకొచ్చేది పదిమందైనా వందమందైనా ఈ ఖర్చు పెద్దగా మారదు. గోడకు బంతి కొట్టి ఆడే స్క్వాష్ కోర్టు చిన్నదే, 9.75 మీటర్లు పొడవు, 6.4 మీటర్లు వెడల్పు. కానీ అంత చోటునూ ఒక సమయంలో ఇద్దరే వాడుకుంటారు. అదే చోట డజను సైకిళ్లు వేసి క్లాసు పెడితే ఎక్కువ డబ్బు వస్తుందని యజమానికి తెలుసు. జనం తక్కువ ఉన్న చోట స్క్వాష్ ఎందుకు నిలవదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఒంటికి కావాల్సిన శ్రమ వరకు చూస్తే బెంగ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమన్నాయి. 65 ఏళ్లు దాటినవాళ్లకు వారానికి మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు కూడా కలపమన్నాయి. ఫలానా ఆటే ఆడాలని ఎక్కడా లేదు. గుండెకూ ఊపిరితిత్తులకూ శ్రమ ఎక్కడినుంచి వచ్చినా ఒకటే.

అయితే ఎందుకు ఆ ఆట అన్నది చూడాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి డాక్టరు ఈత చెప్పారంటే అసలు కారణం నీళ్లు బరువు మోయడం. నడుము లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే భారం దాదాపు సగానికి తగ్గుతుంది. ఈత కొలను లేకపోతే కీళ్లకు దెబ్బ తగలని ఇంకో శ్రమ, అంటే సైకిలో ఎలిప్టికల్ మెషీనో ఆ పని చాలావరకు చేస్తుంది. పరుగు ఆ పని చేయదు, అదీ కార్డియోనే అయినా సరే. మంచు మీద స్కీయింగ్ చేసే క్రీడాకారులు వేసవిలో చక్రాలున్న రోలర్ స్కీలతో రోడ్ల మీద సాధన చేస్తారు. గుండె, కాళ్లు, చేతుల ఊపు అన్నీ దాదాపు అలాగే పనిచేస్తాయి కాబట్టి ఆ సాధన మంచు మీదా పనికొస్తుంది. ఒళ్లు సాగదీసి బలం పెంచే పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతి స్టూడియోల్లో కనిపించే రిఫార్మర్ అనే స్ప్రింగుల మంచం ఖరీదైనది. కానీ జోసెఫ్ పిలాటిస్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఐల్ ఆఫ్ మ్యాన్ నిర్బంధ శిబిరంలో ఉంటూ పెంచుకున్న పద్ధతిలో నేల మీద చాప వేసుకుని చేసేవీ చాలా ఉన్నాయి.

ఉన్న చోటునే వాడుకుని కొత్త ఆటను తెచ్చుకోవడం కూడా జరిగేదే. బాస్కెట్‌బాల్ 1891లో అలాగే పుట్టింది. చలికాలంలో బయట ఆడలేని విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ వ్యాయామశాలలో పీచ్ పండ్ల బుట్టలు కట్టించాడు. ఫుట్‌బాల్ మైదానం లేని చోట్ల ఆడే ఫుట్‌సాల్ 1930లో ఉరుగ్వేలో మొదలైంది. చిన్న బ్యాట్లతో చిల్లుల బంతిని నెట్ మీదుగా కొట్టే పికిల్‌బాల్ ఇంకా మంచి ఉదాహరణ. 1965లో అమెరికాలోని బైన్‌బ్రిడ్జ్ దీవిలో ఒక ఇంటి బ్యాడ్మింటన్ కోర్టులోనే అది పుట్టింది, ఈనాటికీ దాని కోర్టు కొలతలు బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టువే, 44 అడుగులు పొడవు, 20 అడుగులు వెడల్పు. కాబట్టి పికిల్‌బాల్ కోర్టు లేదని బాధపడే చోట బ్యాడ్మింటన్ కోర్టు ఉంటే సగం పని అయిపోయినట్టే. నెట్‌ను మధ్యలో 34 అంగుళాలకు, అంచుల దగ్గర 36 అంగుళాలకు దించాలి. నెట్‌కు 7 అడుగుల దూరంలో రెండు వైపులా టేపు అంటించాలి. బ్యాడ్మింటన్ షార్ట్ సర్వీస్ గీత ఆరున్నర అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి దాన్నే వాడుకుందామనుకుంటే ఆ అర అడుగు తేడా వల్ల ఆట అలవాటు తప్పుతుంది. బ్యాట్లు, చిల్లుల బంతులు మాత్రం తెప్పించుకోవాలి.

చోటు, సామాను సర్దుకోవచ్చు. నిజంగా దొరకనివి రెండే: తోడు, నేర్పేవాళ్లు. తోడు సంగతి 2004 అక్టోబరులో లండన్ బుషీ పార్కులో మొదలైన పార్క్‌రన్ చూపించింది. మొదటి రోజు పరిగెత్తింది 13 మంది. ప్రతి వారం అదే రోజు, అదే సమయం, అదే 5 కిలోమీటర్లు. ఫీజు లేదు, సమయం రాసేది వాలంటీర్లు. ఇప్పుడది ఇరవైకి పైగా దేశాల్లో నడుస్తోంది. ఎవరు వచ్చినా రాకపోయినా వేళ మారకపోవడమే దాన్ని నిలబెట్టిందనిపిస్తుంది. "అందరికీ వీలైనప్పుడు కలుద్దాం" అనుకున్న గుంపులు చాలావరకు నెల తిరక్కుండానే చెదిరిపోతాయి.

నేర్పేవాళ్ల విషయంలో ఏది వీడియో చూసి నేర్చుకోవచ్చు, ఏది కూడదు అన్న గీత ముందే గీసుకోవాలి. నేల మీది పిలాటిస్, సొంత బరువుతో చేసే వ్యాయామాలు, పిడి ఉన్న ఇనుప గుండు (కెటిల్‌బెల్) తేలికదాంతో మొదలుపెట్టే స్వింగ్ లాంటివి వీడియోలతో మొదలుపెట్టొచ్చు, తన వీడియో తీసి దూరంలో ఉన్న కోచ్‌కు పంపి దిద్దించుకోవచ్చు. తాడు కట్టుకుని ఎక్కే క్లైంబింగ్‌లో కింద తాడు పట్టే పని అలా నేర్చుకోకూడదు, ఒక్క పొరపాటుకు ఎదుటి మనిషి ప్రాణం పోతుంది. ఊపిరి బిగబట్టి చేసే డైవింగ్‌ను ఒంటరిగా అసలు చేయకూడదు. నీటి పైకి వచ్చే ముందు ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పొచ్చు.

ఈత ఒక ప్రత్యేకమైన కేసు. శ్రమగా చూస్తే దానికి బదులు ఉంది, ప్రాణం కాపాడుకునే నైపుణ్యంగా చూస్తే లేదు. సైకిల్ తొక్కడం వల్ల నీళ్లలో తేలడం రాదు. కొలను లేని చోట ఉండేవాళ్లు వారానికోసారి దూరం వెళ్లి నేర్చుకోవాలని చూస్తే రెండు పాఠాల మధ్య నేర్చుకున్నది సగం మరిచిపోతారు, విసుగొచ్చి మానేస్తారు. సెలవుల్లో కొలను ఉన్న చోట రెండు మూడు వారాలు ఉండి రోజూ దిగడం నయం. తేలడం, ఊపిరి తీసుకోవడం, పక్కకు తిరగడం ఒంటికి పట్టాక అవి ఏళ్ల తరబడి పోవు. ఆ తరవాత ఏడాదికోసారి నీళ్లు దొరికినా చాలు, దమ్ము సంగతి మిగతా రోజుల్లో సైకిలో మెట్లో చూసుకుంటాయి.